బోర్లించిన సమాధి రాయి

మా అత్తగారు ఎలీసమ్మకు ఈ లోకంలో కావలసింది ఒక్కటే. పోయాక ఆవిడను వాళ్ళ నాన్న పక్కన పాతిపెట్టాలి. ఈ కోరిక మనసులో దాచుకునే రకం కాదు ఆవిడ. పెళ్ళిళ్ళలో చెప్పేది, పురిటి గదుల్లో చెప్పేది, క్రిస్మస్ కేకు కోస్తూ కూడా చెప్పేది. 1963లో నేను కోడలిగా వచ్చిన మొదటి వారమే, నా అన్నంలో చారు పోస్తూ, "రూతమ్మా, నన్ను మా నాన్న పక్కనే పెట్టాల. మగోళ్ళు మర్సిపోతారు, నువ్వు గుర్తెట్టుకో" అంది. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. ముద్ద గొంతులో అడ్డుపడింది. ఆవిడ మాత్రం హాయిగా ఇంకో గరిటె పోసింది.

వాళ్ళ నాన్న సమూయేలుగారి ఫోటో ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో మా న్యూ సెటిల్‌మెంట్ క్వార్టరు ముందుగదిలో ఉండేది. తలపాగా, గుబురు మీసం, మూడు గుండీల కోటు. 1938లో రిటైరైన రోజున వర్క్‌షాపు జతగాళ్ళు తీయించిన ఫోటో. 1905లో చేరాడట, ముప్పై మూడేళ్ళు ఒకే నంబరు మీద చేశాడట, 1147. రైల్వేలో మా కుటుంబం అంతా ఆ నంబరు పుణ్యమే. ఆయన అల్లుడు కాబట్టి మా మామగారికి ఉద్యోగం దొరికింది, మామగారి కొడుకు కాబట్టి మా ఆయనకు దొరికింది. ఇంట్లో ఎవరు పరీక్ష పాసైనా ముందు ఆ ఫోటోకి చెప్పి ఆ తర్వాతే ప్రార్థనకు మోకరించేవాళ్ళం. ఇది పాస్టరుగారికి తెలియదు.

ఆయన పోయినప్పుడు అత్తగారు, మామగారికి ఉద్యోగం దొరికిన చక్రధర్‌పూర్‌లో పురిటి మంచం మీద ఉంది. కడుపులో ఉన్నది మా ఆయన తీతే. నెలల బిడ్డతో ఖరగ్‌పూర్ వచ్చేసరికి అంతా అయిపోయింది. వాళ్ళమ్మ సూసన్న ఆవిడను సమాధుల తోటకు తీసుకెళ్ళి, గోడవారగా ఉన్న ఒక నల్ల పలక చూపించి, "ఇక్కడే" అని ఊరుకుందట. పలక మీద పేరు లేదు, తేదీ లేదు, సిలువ గుర్తయినా లేదు. సూసన్నమ్మ తర్వాత కూతురి దగ్గరే ఉండి చక్రధర్‌పూర్‌లోనే పోయింది. అత్తగారు మళ్ళీ ఖరగ్‌పూర్ వచ్చి స్థిరపడ్డాక, ఏటా నవంబరు రెండున సమాధుల పండగకు ఆ పేరులేని పలక మీదే కొవ్వొత్తులు వెలిగించేది. వాన వస్తే గొడుగు పట్టుకుని మరీ వెలిగించేది.

ఇక మా ఆయన సంగతి. తీతుగారు వర్క్‌షాపు టైం ఆఫీసులో గుమస్తా. పనివాడు ప్రతి ఒక్కడికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఉంటుంది. పొద్దున సైరను ఆగేలోపు గేటు దగ్గర పెట్టెలో తన బిళ్ళ వేస్తే హాజరు, లేకపోతే నాగా. ఒకడి బిళ్ళ ఇంకొకడు వేస్తే దాన్ని బదులు బిళ్ళ అంటారు. వాటిని పసిగట్టడంలో మా ఆయన్ని మించినవాడు లేడు. బిళ్ళ పెట్టెలో పడిన చప్పుడును బట్టే దొంగబిళ్ళో కాదో చెప్పగలనని గొప్పలు పోయేవాడు. ఒకసారి ఆసుపత్రిలో ఉన్న బావమరిది బిళ్ళ వేశాడని ఒక ఫిట్టరు మీద రాశాడు. ఇద్దరినీ సస్పెండు చేశారు. ఆ ఫిట్టరు భార్య మా గుమ్మంలో కూర్చుని ఏడిస్తే ఈయన కళ్ళజోడు తుడుచుకుంటూ "రూలు రూలేనమ్మా" అన్నాడు. నాకు ఒళ్ళు మండి వారం రోజులు ఆయన చారులో ఉప్పు వేయలేదు. రూలు తెలిసిన మనిషి కాబట్టి ఉప్పులేదని కూడా అనలేదు.

టైం ఆఫీసులో ఈయన పక్క బల్ల గణపతిరావుది. ఝపటాపూర్‌లో సొంత ఇల్లు, శ్రీకాకుళం వైపు వాళ్ళు, మా ఆయన కంటే ఆరేళ్ళు చిన్న. ఇద్దరూ ఇరవై రెండేళ్ళు ఒకే కెటిల్‌లో టీ తాగారు. అయినా ఒక్క విషయంలో మా ఆయన మొండికేసేవాడు. గణపతిరావు ఇంట్లో ఏటా జనవరిలో పెద్దల పండగ చేస్తారు. పోయినవాళ్ళ పేరు పేరునా కొత్త బట్టలు పెట్టి, గుమ్మడికాయ కూర, గారెలు, బూరెలతో కంచాలు పెట్టి, తర్వాత ఇరుగుపొరుగుకు పంచుతారు. గణపతిరావు సైకిలు మీద ఒక కంచం గుడ్డకట్టి మా ఇంటికి తెచ్చేవాడు. ఈయన గుమ్మంలోనే నిలబడి, "పెద్దలకి ఎట్టింది మేం తినం తమ్ముడూ, ఏటీ అనుకోకు" అనేవాడు. "ఠీక్ హై దాదా, వొచ్చే యేడు సూద్దాం" అని గణపతిరావు నవ్వుతూ వెనక్కి తిరిగేవాడు. కంచం వెళ్ళిపోయేది గానీ బూరెల వాసన మా గుమ్మంలో కాసేపు ఉండిపోయేది. నా ప్రాణం ఉసూరుమనేది.

1987 సెప్టెంబరులో అత్తగారికి గుండె నొప్పి వచ్చింది. రైల్వే ఆసుపత్రి డాక్టరు మమ్మల్ని పక్కకు పిలిచి, గుండె బలహీనంగా ఉందనీ, ఆవిడ ఏమడిగినా కాదనవద్దనీ చెప్పాడు. ఆవిడ అడిగేది ఏముంటుంది? "ఒరే తీతూ, నేను పోనాక ఆ పలక ఎవులిదో నీ పిల్లలకి తెలీదురా. నేను సూస్తుండగా దాని మీద మా నాన్న పేరు సెక్కించు. అప్పుడు నిమ్మళంగా పోతాను."

అక్టోబరులో మా ఆయన గోల్‌బజార్ నుంచి ఒక బెంగాలీ మేస్త్రీని మాట్లాడి తోటకు తీసుకెళ్ళాడు. పలక పైభాగం గరుకుగా ఉంది, అక్షరం నిలవదు, తిరగేసి అడుగువైపు చెక్కుతానన్నాడు మేస్త్రీ. గునపంతో ఎత్తి తిరగేశాడు. అడుగు నున్నగానే ఉంది. అక్షరాలు కూడా ఉన్నాయి. మట్టి కడిగితే చక్కటి తెలుగు.

*సమూయేలు. టికెట్టు నంబరు 1147. 1911 శ్రావణ మాసములో వాంతిభేదితో ప్రభువు పిలిచెను. రాయి వేయించినవాడు స్నేహితుడు అప్పలకొండ.*

ఆయన ఇంటికి వచ్చి పెరటి మెట్టు మీద కూర్చుని, ఆ నాలుగు ముక్కలు రాసుకున్న సిగరెట్టు పెట్టె అట్ట నా చేతికిచ్చాడు. చదివాను. మళ్ళీ చదివాను.

"అత్తయ్య పుట్టింది 1914లో కదండీ?" అన్నాను.

"అవును."

"మరి మీ తాత 1938లో రిటైరైన ఫోటో?"

"అదీ ఉంది."

చనిపోయిన మూడేళ్ళకు కూతుర్ని కని, ఇరవై ఏడేళ్ళకు రిటైరయ్యి, కోటు వేసుకుని ఫోటో దిగిన మనిషి ఎవరు? లోపల అత్తగారు దగ్గుతోంది. ఆ వయసులో, ఆ గుండెతో, సమూయేలు నువ్వు పుట్టకముందే పోయాడు, నువ్వు నాన్నా అని పిలిచింది ఎవరినో తెలియదమ్మా అని ఎవరు చెబుతారు? ఆ మాట బయటికొస్తే సూసన్నమ్మను చర్చి ఆవరణలో నలుగురూ నాలుగు రకాలుగా అంటారు. మా ఆయన నా చేత ప్రమాణం చేయించుకున్నాడు. మేస్త్రీతో పలకను మళ్ళీ బోర్లింపజేశాడు. అత్తగారికి మాత్రం మేస్త్రీకి జ్వరం అని చెప్పాడు.

ఆ జ్వరం మూడు నెలలు ఉంది. అత్తగారు రోజూ అడిగేది. మొదట మలేరియా అన్నాం, తర్వాత టైఫాయిడన్నాం, ఆ తర్వాత వాళ్ళ చెల్లెలి పెళ్ళికి మేదినీపూర్ పంపించాం. "పాపం, ఏటా రోగాలు ఆడికి! ఆడి కోసం పార్థన సేద్దాం" అని ఆవిడ ఎన్నడూ చూడని మేస్త్రీ కోసం రోజూ ప్రార్థన చేసేది. నేను తల వంచుకుని ఆమెన్ అనేదాన్ని. అబద్ధానికి ఆమెన్ చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు.

నవంబరు రెండున ఆవిడను రిక్షాలో తోటకు తీసుకెళ్ళాం. ఎప్పటిలాగే పలక మీద నీళ్ళు చల్లి, బంతిపూలు పెట్టి, ఆరు కొవ్వొత్తులు వెలిగించింది. అరచేత్తో రాయిని నిమిరి, "నాన్నా, మేస్త్రీకి ఒంట్లో బాగోనేదు. కొద్దిగా ఓపిక పట్టు" అంది. మా ఆయన గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఆయన భుజాలు కదలడం నేను చూశాను.

ఆ మూడు నెలలూ ఆయన చేసిన పరిశోధన గురించి చెప్పాలి. పాత రైల్వే క్యాలెండరు వెనక వంశవృక్షం గీశాడు. కిందంతా కొమ్మలే, మనవలు, మునిమనవలు, జంషెడ్‌పూర్‌లో పుట్టిన కవలలు కూడా. పైన సమూయేలు అని ఒక గడి, దాని పక్కన ఖాళీ గడి, అందులో ప్రశ్నార్థకం. చర్చి పాత రిజిస్టర్లు చూద్దామంటే 1920కి ముందువి చెదలు తిన్నాయి. టైం ఆఫీసు అటక మీద పాత హాజరుపట్టీల కట్ట దొరికింది. అందులో 1147 సమూయేలు 1905 నుంచి 1938 వరకు వరసగా ఉన్నాడు. 1911 శ్రావణంలో ఒక్క నాగా కూడా లేదు. చచ్చిపోయిన రోజున కూడా మనిషి పనికొచ్చాడు, పాతిపెట్టిన రోజున కూడా వచ్చాడు.

ఆ సాయంత్రం ఆయన ముఖం చూస్తే నాకు భయం వేసింది. "రూతూ, ఇది నాకు తెలిసిన రోగమే. బదులు బిళ్ళ. ముప్పై ఏళ్ళు నేను పట్టుకుంటూ వచ్చిన దొంగ మా తాతే" అన్నాడు. ఇంకొకడి పేరు మీద, ఇంకొకడి నంబరు మీద ఇరవై ఏడేళ్ళు పనిచేసిన మనిషి. ఆయన అసలు పేరేమిటో, ఊరేమిటో, సూసన్నమ్మకు ఏమవుతాడో తెలియదు. ఆ మనిషి వేసిన పునాది మీదే మా ఆయన రూళ్ళ పుస్తకం పెట్టుకుని ఇన్నాళ్ళూ కూర్చున్నాడు. పాపం అనిపించింది. కొంచెం నవ్వు కూడా వచ్చింది, అబద్ధం ఎందుకు.

రాయి వేయించిన అప్పలకొండను పట్టుకుంటే గుట్టు తెలుస్తుందని నేనన్నాను. పరువు పోతుందని ఈయన ఎవరినీ అడగనన్నాడు. నాకు పరువు కంటే మా అత్తగారు ముఖ్యం. నేను పాఠాలు చెప్పే తెలుగు బడిలో పిల్లల్ని అడిగాను, మీ ఇళ్ళల్లో ముసలివాళ్ళలో అప్పలకొండ ఎవరైనా ఉన్నారా అని. ఊళ్ళో నలుగురు అప్పలకొండలు తేలారు. ఒకడికీ నలభై దాటలేదు.

జనవరిలో పెద్దల పండగ రోజున గణపతిరావు ఎప్పటిలాగే కంచంతో వచ్చాడు. మా ఆయన పేపరు చదువుతున్న కుర్చీలోంచి లేవకుండానే "మేం తినం తమ్ముడూ" అన్నాడు. "ఠీక్ హై దాదా" అని ఆయన సైకిలు తిప్పుకుంటుంటే నేను గేటు దాకా వెళ్ళాను.

"తమ్ముడూ, మీ పెద్దల్లో అప్పలకొండ అని ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నాడు వదినా. మాయమ్మకి పెదనాన్న. ఆయనకీ పంచె ఎడతాం. ఆయన పక్కన సమూయేలుకి ఒకటి."

"ఎవరికి?"

"సమూయేలుకి. ఎవులో తెలీదు. కిరస్తానీ పేరు మా పెద్దల్లోకి ఎలగొచ్చినాదని నేనూ అడిగినాను. నీకెందుకురా, ఎట్టమన్నాను ఎట్టు అంటాది మాయమ్మ."

వెనక కుర్చీ కింద పడిన చప్పుడు వినిపించింది. మా ఆయన చెప్పులు కూడా లేకుండా గేటు దగ్గరికి వచ్చేశాడు.

గోడ మీది ఫోటో దింపి, గుడ్డలో చుట్టి, ఒక ఆటో మాట్లాడుకుని అప్పటికప్పుడే ఝపటాపూర్ వెళ్ళాం. గణపతిరావు కంచంతో సహా సైకిలు మీద మా వెనకే వచ్చాడు. వాళ్ళమ్మ జోగమ్మకు అరవై ఆరేళ్ళుంటాయి. ముందుగదిలో గోడవారగా కొత్త బట్టల వరస ఇంకా అలాగే ఉంది, పసుపు పెట్టిన పంచెలూ చీరలూ. మా ఆయన ఫోటో గుడ్డ విప్పాడు. జోగమ్మ చూసి, చప్పున లేచి నిలబడి, కొంగు తలమీదికి లాక్కుంది.

"పెదనాన్న" అంది. తర్వాత నావైపు తిరిగి, "రాయి ఎవులు తిరగేసినారు?" అని అడిగింది.

"మేస్త్రీ తిరగేశాడండి. అక్షరాలు బయటపడ్డాయి."

"అలగైతే నా ఒట్టు తీరిపోనాది. నేను సెప్పనేదు, రాయే సెప్పినాది. కూకోండి."

ఆవిడ చెప్పింది ఇదీ.

"మా పెదనాన్న అప్పలకొండ, మా నాన్న తవిటయ్య, అన్నదమ్ములు. పెదనాన్నా సమూయేలూ ఒకే రైలుకి ఈ ఊరొచ్చినారట. సమూయేలుకి బిళ్ళ దొరికినాది, క్వార్టరు దొరికినాది. పెదనాన్న ఉత్త కూలీ. ఆ యేడు వాంతిభేది వొచ్చినాది. సమూయేలు పడిపోయి, నాగా పడితే నౌకరీ పోద్ది, నా బిళ్ళ నువ్వెయ్యరా అన్నాడట. దొరలకి నంబరే గాని మొగం తెలీదు గదా! మూడ్రోజులేసినాడు. నాలుగో రోజునా బిళ్ళేసొచ్చీసరికి సమూయేలు పోనాడు. పాతిపెట్టినారు. సమూయేలు పెళ్ళాం సూసన్నకి పదిహేడేళ్ళు, ముందూ ఎనకా ఎవులూ నేరు. బిళ్ళ పడకపోతే వారంలో క్వార్టరు కాళీ సేయాల, ఆ పిల్ల రోడ్డు మీద పడతాది. తెల్లారి పెదనాన్న మళ్ళీ ఎళ్ళి ఆ బిళ్ళే ఏసినాడు. ఆ పిల్లని ఆ ఇంట్లోనే ఉండనిచ్చి తను మా నాన్న దగ్గిర పడుకునీవోడు. షాపులో తెలుగోళ్ళందరికీ తెలుసు. ఒక్కడు నోరు మెదపనేదు."

"రాయి?" అన్నాడు మా ఆయన.

"సచ్చిపోయిన పది రోజులకే సెక్కించి ఏసినాడు, దుక్కంలో. ఆనక బయం పట్టుకున్నాది. నంబరు సూస్తే దొరికిపోతాం గదా అని ఎళ్ళి బోర్లించేసినాడు. రెండేళ్ళకి సూసన్నని మనువాడతానని పాస్టరుగారి దగ్గిరకెళ్ళినాడు. ఆయనకి ఉన్నదంతా సెప్పేసినాడట. బాప్తీస్మం ఇచ్చేటప్పుడు ఏ పేరు కావాలని అడిగితే సమూయేలు అన్నాడట. అలగ పేరు నిజంగానే తనదయిపోనాది. ఆనక మా ఇంటికి సీకటి పడ్డాకే వొచ్చీవోడు, కూతురికి మేం ఎవులమో సెప్పనేదు."

ఇక్కడ జోగమ్మ కళ్ళు తుడుచుకుంది. "రిటైరయిన నాలుగు నెల్లకి జబ్బు సేసి మా ఇంటికొచ్చినాడు. నాకు పదారేళ్ళు, గంజి నేనే తాగించినాను. నన్ను పాతకండి అన్నాడు. సమూయేలు పేరు మీద రెండో సమాధి లేస్తే ఎవుడో ఒకడు మొదటిది అడుగుతాడు, అల్లుడి నౌకరీ పోద్ది, పుట్టబోయే మనవడి కూడు పోద్ది. నన్ను అప్పలకొండలాగే కాల్సీండి, కూతురికి ఆ పలక సూపించండి అన్నాడు. కాసాయి నదిలో కలిపినాం. ఇంకోటి కూడా అన్నాడు. నాకు పంచె ఎట్టిన ప్రతి యేడూ ఆడికీ ఒకటి ఎట్టండి, ఆడి పేరు మీద తిన్నాను అన్నాడు. ఎడతన్నాం. యాభై యేళ్ళయినాది."

పుట్టబోయే మనవడు ఆ గదిలోనే కూర్చుని ఉన్నాడు. యాభైకి దగ్గరపడ్డ మా ఆయన ఫోటో ఒళ్ళో పెట్టుకుని చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను ఆపలేదు. ఏడవవలసిన ఏడుపే అది.

జోగమ్మను కూడా ఆటో ఎక్కించుకుని ఇంటికొచ్చాక ఎలా చెప్పాలా అని ఆయన నసుగుతుంటే నేనే చెప్పేశాను, జోగమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కటీ దాచకుండా. అత్తగారు మంచం మీద లేచి కూర్చుని అంతా విన్నది. మా ఆయన మాత్రల డబ్బా పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు.

"ఈ యేడు మా నాన్నకి పంచె ఎట్టినారా?" అని అడిగింది చివరికి.

"ఎట్టినాం అప్పా" అంది జోగమ్మ. ఇద్దరూ అన్నదమ్ముల బిడ్డలు, అక్కచెల్లెళ్ళు. డెబ్బై మూడేళ్ళు వచ్చాక అత్తగారిని అప్పా అని పిలిచే మనిషి దొరికింది.

"కంచం ఏదీ?"

గణపతిరావు గుమ్మంలో ఉన్నాడు. చేతిలో కంచం, పొద్దున మా ఇంటి నుంచి వెనక్కి వెళ్ళిందే. మా ఆయన అలవాటుగా, "అమ్మా, అది పెద్దలకి ఎట్టిన..." అని మొదలుపెట్టాడు.

"నోరు ముయ్యి. మా నాన్న కంచం నేను తినకపోతే ఎవుడు తింటాడురా?"

తిన్నది. పప్పు, గుమ్మడికాయ కూర, రెండు గారెలు, ఒక బూరె. ఉప్పు తినవద్దన్న డాక్టరు మాట ఎవరికీ గుర్తు రాలేదు. ఇరవై రెండేళ్ళు మా గుమ్మం నుంచి ఆయన తిప్పి పంపింది సొంత తాత కంచాన్నే అని నేను పైకి అనలేదు. నాకు కూడా కొంచెం మర్యాద ఉంది. తిన్నాక మాత్రం ఆవిడ చేతిలో ఆఖరి ముద్ద అలాగే పట్టుకుని ఏడ్చింది. "నాన్న పక్కన పెట్టండిరా అని యాభై యేళ్ళు అడిగినాను. నాన్నకి పక్కే నేదు" అంది.

నాలుగు రోజులు అలాగే గోడవైపు తిరిగి పడుకుంది. ఐదో రోజు పొద్దున నన్ను పిలిచి, "రూతమ్మా, ఆ రాయి ఎవులేయించినారు?" అంది.

"మీ నాన్నగారే."

"మరింకేటి? తను ఏయించిన రాయి, తను బోర్లించిన రాయి. నేను దీపం ఎట్టిందీ దాని మీదే. మా నాన్న సెయ్యి పడింది గదా దాని మీద! అక్కడే పెట్టండి నన్ను. ఆ మేస్త్రీకి జొరం తగ్గినాదో నేదో కనుక్కో."

ఆ రోజే తగ్గింది.

ఒక ఆదివారం మా ఆయనా గణపతిరావూ సైకిళ్ళ మీద కాసాయి ఒడ్డుకు వెళ్ళి ఒక బిందెడు ఇసక తెచ్చారు. పలకను ముఖం పైకి పెట్టి, ఆ ఇసక పరిచి కూర్చోబెట్టారు. పాత అక్షరాల కింద మేస్త్రీ ఒక వరస కొత్తగా చెక్కాడు: *ఇతని పేరు నిలిపినవాడు అప్పలకొండ.* సమాధుల తోటలో ఆ పేరేమిటని చర్చి పెద్ద ఒకాయన గొణిగితే అత్తగారు రిక్షాలోంచే, "ఆ పేరు గీకితే నా పేరూ మీ పుస్తకంలోంచి గీకెయ్యండి బాబూ" అంది. ఆయన పక్కకు తప్పుకున్నాడు. ఆవిడ రిక్షా దిగి, చేతికర్రతో పలక పక్కన జాగా కొలిచింది. పొడుగు సరిపోయింది. "నీడ బాగానే ఉన్నాది" అని తృప్తిగా అక్కడే కూర్చుని జోగమ్మతో తమలపాకు వేసుకుంది.

చోటు ఖాయమయ్యాక మనిషికి తొందర పోయింది. డాక్టరు ఆశ్చర్యపోయేలా ఇంకా ఆరేళ్ళు బతికింది. ప్రతి గురువారం అక్కచెల్లెళ్ళిద్దరూ మా వరండాలో కూర్చుని, ఒకరి పెద్దవాళ్ళ కబుర్లు ఇంకొకరికి చెప్పుకునేవాళ్ళు. సూసన్న ఎలా ఉండేదని జోగమ్మ అడిగితే అత్తగారు చెప్పేది, తవిటయ్య ఎలా నవ్వేవాడని అత్తగారు అడిగితే జోగమ్మ చెప్పేది. క్యాలెండరు వెనక వంశవృక్షంలో ప్రశ్నార్థకం పోయి అప్పలకొండ వచ్చాడు. పక్కన తవిటయ్య, కింద జోగమ్మ, గణపతిరావు, అందరూ చేరారు. కాగితం చాలక ఇంకో ఏడాది క్యాలెండరు అతికించాల్సి వచ్చింది. మా ఆయన ఆ తర్వాత కూడా బదులు బిళ్ళలు పట్టుకునేవాడు. కానీ రాసే ముందు మనిషిని పక్కకు పిలిచి "ఎవరి కోసం వేశావు?" అని అడిగేవాడు. జవాబును బట్టి ఒక్కోసారి ఆయన కలంలో సిరా అయిపోయేది. సస్పెండైన ఆ ఫిట్టరు ఇంటికి కూడా వెళ్ళి వచ్చాడు. అక్కడ ఏం మాట్లాడాడో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఒక్క పెద్దల కంచం దగ్గర మాత్రం ఆయన మారలేదు. ఏటా గణపతిరావు కంచం తెచ్చేవాడు, అత్తగారు తినేది, నేను తినేదాన్ని, అబ్బో, ఎన్నాళ్ళ బూరెల ఆకలి నాది! ఈయన మాత్రం పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవాడు. "మా తాత అంటే గౌరవమే. కానీ నేను బాప్తీస్మం తీసుకున్నవాణ్ణి" అనేవాడు. మీ తాత కూడా తీసుకున్నాడండీ అంటే పేపరు ఇంకొంచెం పైకెత్తేవాడు.

అత్తగారు 1994 మార్చిలో, ఎండ ముదరకముందే, నిద్రలోనే పోయింది. కొలిచి పెట్టుకున్న జాగాలోనే పెట్టాం. చర్చి వాళ్ళు పాట పాడారు. జోగమ్మ తోట లోపలికి వచ్చి, పిడికెడు మట్టి వేసి, "పెదనాన్నని అడిగినానని సెప్పు అప్పా" అంది.

మరుసటి జనవరిలో గణపతిరావు కంచం తేలేదు. "మాయమ్మ మిమ్మల్ని రమ్మంటోంది అన్నయ్యా" అని మాత్రం చెప్పి వెళ్ళాడు. వెళ్ళాం. ఆ ముందుగదిలో గోడవారగా కొత్త బట్టల వరస. జోగమ్మ ఒక్కొక్క దాని మీదా చెయ్యి వేసి పేరు పిలుస్తోంది. "తవిటయ్య. అప్పలకొండ. సమూయేలు." ఆ పంచెల చివర ఒక చీర ఉంది, లేత నీలం మీద తెల్ల గళ్ళు. మా అత్తగారు ఆదివారం చర్చికి కట్టే రకమే, గోల్‌బజార్ అంతా తిరిగి వెతికి తెచ్చినట్టున్నారు. "ఎలీసమ్మ" అని పిలిచింది జోగమ్మ.

తర్వాత కంచాలు వరసగా పెట్టారు. నేను మా ఆయన ముఖం చూడలేదు, చూస్తే మళ్ళీ మొండికేస్తాడని. ఆయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, చీర ముందున్న కంచం దగ్గర బాసింపట్టు వేసుకు కూర్చున్నాడు. ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని భోజన ప్రార్థన చేశాడు, ఎప్పటికంటే కొంచెం ఎక్కువసేపు. కలుపుకుని మొదటి ముద్ద తిన్నాడు.

"మాయమ్మకి బూరెలంటే ఇష్టం, పిన్నీ. ఒక్కటేసినావేటి?" అన్నాడు. జోగమ్మ ఇంకో రెండు వేసింది.